ఆగ్నేయం వైపు అర సెంటీమీటరు

నిచ్చెన ఆఖరి మెట్టు దాటి స్లాబు మీద అరచెయ్యి ఆనించగానే చురుక్కుమంటుంది. ఇంకా పదకొండు కూడా కాలేదు. మార్చి రెండో వారం. ఈ రోజుల్లో ఆర్మూర్‌లో ఏ మిద్దె ఎక్కి చూసినా కింద కనిపించేది పసుపే. ఉడకబెట్టి పోసిన కొమ్ములు కల్లాల్లో, పెరళ్ళలో, రోడ్డు పక్కన జాగా దొరికిన చోటల్లా ఆరుతున్నాయి. గాలి తిరిగినప్పుడల్లా మట్టీ పసుపూ కలిసిన ఘాటు ముక్కుకు తగులుతుంది. 44వ నంబరు జాతీయ రహదారి మీద లారీల మోత. సిద్ధులగుట్ట నల్లటి బండలు అప్పుడే కాగుతున్నాయి.

ముందు కాళ్ళ కింద చూసుకో. ఈ మిద్దెకు పిట్టగోడ లేదు. తూర్పు అంచు పక్కనుంచే కరెంటు సర్వీసు వైరు పోతోంది, చెయ్యి చాపితే అందేంత దగ్గర. చేతిలో ఇనప పానా ఉన్నంతసేపు ఆ అంచు వైపు వెనక్కి నడవకూడదు. మనసులో ఒక గీత గీసుకో. ఇది దాటను.

ఇప్పుడు డిష్ దగ్గరికి రా. రెండడుగుల వెడల్పు, బూడిద రంగు, అంచుల వెంట తుప్పు. పావురాల రెట్టల మరకలు. ముందుకు చాచిన ఇనప చెయ్యి, దాని చివర సిగ్నల్ అందుకునే ఎల్‌ఎన్‌బీ, ఎల్‌ఎన్‌బీ మూతికి ప్లాస్టిక్ టోపీ. నెలనెలా డబ్బు కట్టినన్నాళ్ళు ఇది పనిచేసింది. కట్టడం ఆగాక నీళ్ళ ట్యాంకు పక్కన ఊరికే నిలబడి ఉంది. ఈ వాడలో ఇలాంటివి చాలా మిద్దెల మీద ఉన్నాయి. నిక్షేపంగా ఉన్న ఇనుము, నిక్షేపంగా ఉన్న ఎల్‌ఎన్‌బీ, బట్టలు ఆరేసుకునే కొయ్యలయ్యాయి. చూస్తుంటే ప్రాణం ఉసూరుమంటుంది.

కింద వాకిట్లో చిన్నమ్మ బీడీల చాట ఒళ్ళో పెట్టుకుని కూచుంది. వేళ్ళు ఆగవు. తల ఎత్తకుండానే అడుగుతుంది.

"పైసలు కట్టకుంటనే వచ్చే టీవీ ఉన్నదట గదా బిడ్డా. మన పాత ఛత్రికి వస్తదా మరి?"

"వస్తది చిన్నమ్మా. మొఖం అటు తిప్పాలె, గంతే."

చిన్నాయన దుబాయిలో ఉన్నాడు. ఆయన పంపే డబ్బులో టీవీ రీచార్జ్‌కు చోటు లేదు. 2020 సెప్టెంబరు 1న, బళ్ళు మూతపడి ఉన్న కాలంలో, రాష్ట్రమంతా పాఠాలు డీడీ యాదగిరి, టీ-శాట్ చానళ్ళలో మొదలైనప్పుడు ఈ ఇంటి పోరడు మూడో తరగతి. ఎదురింటి గడపలో కూచుని విన్నాడు. వాడే ఇప్పుడు మెట్ల మీద నిలబడి నీ మాట కోసం చూస్తున్నాడు. చేతిలో కొత్త సెట్‌టాప్ బాక్స్ రిమోట్.

ఎటు తిప్పాలి?

నువ్వు పట్టాల్సింది డీడీ ఫ్రీ డిష్. 2004 డిసెంబరులో డీడీ డైరెక్ట్ ప్లస్ అనే పేరుతో 33 చానళ్ళతో మొదలైన దూరదర్శన్ సేవ ఇది. ఇప్పుడు అది దిగుతున్నది జీశాట్-15 అనే మన ఉపగ్రహం నుంచి. 2015 నవంబరులో ఫ్రెంచ్ గయానాలోని కౌరూ నుంచి ఏరియాన్-5 రాకెట్ మీద పైకి వెళ్ళింది. భూమధ్యరేఖకు నేరుగా పైన, 35,786 కిలోమీటర్ల ఎత్తున, 93.5 డిగ్రీల తూర్పు రేఖాంశం దగ్గర ఉంది. భూమి తిరిగినంత సేపట్లోనే అదీ ఒక చుట్టు తిరుగుతుంది. అందుకే ఇక్కణ్ణుంచి చూస్తే కదలదు. ఒకసారి డిష్‌ను దానికేసి పెట్టి బిగించావంటే ఏళ్ళ తరబడి అలాగే ఉండొచ్చు.

నీ ముందున్న డిష్ మాత్రం ఇంకా తన పాత ఉపగ్రహాన్నే చూస్తోంది. అది 83 డిగ్రీల దగ్గరిది. ఆర్మూర్ నుంచి చూస్తే దాదాపు దక్షిణాన, కాస్త తూర్పుకు. జీశాట్-15 అలా కాదు, పక్కా ఆగ్నేయం. ఉత్తరం నుంచి కుడివైపు తిరిగితే 140 డిగ్రీలు, నేల నుంచి పైకి 62 డిగ్రీలు. అంటే డిష్ వెనక నిలబడి ఎడమకు సుమారు 26 డిగ్రీలు తిప్పాలి, 5 డిగ్రీలు కిందికి వంచాలి. వాస్తు చూసి కట్టిన ఇల్లు కాబట్టి దారి నీ కాళ్ళ కిందే ఉంది. వంటింటి మూల ఎటుందో అటు.

ఫోన్‌లో దిక్సూచి తెరుస్తావు. పైపు పక్కన పెడితే ఒక అంకె చూపిస్తుంది. రెండడుగులు జరిగితే ఇంకో అంకె. పైపు ఇనుము, స్లాబులో ఇనప కడ్డీలు, ట్యాంకు స్టాండు ఇనుము. దేన్ని నమ్మాలి?

టైం చూడు. 11:10.

ఫోన్ జేబులో పెట్టు. సూర్యుణ్ణి నమ్ము. కళ్ళెత్తి చూడొద్దు, నీడను చూడు. ఏడాదికి రెండుసార్లు, మార్చి 12 ప్రాంతంలో, అక్టోబరు 1 ప్రాంతంలో, సూర్యుడు ఆర్మూర్‌కు జీశాట్-15 వెనక నుంచి దాటుతాడు. మార్చిలో అయితే సుమారు పదకొండుంపావుకు. ఆ నిమిషంలో పైపు నీడ స్లాబు మీద ఎటు పడితే, దానికి సరిగ్గా ఎదురు దిక్కు నీ ఉపగ్రహం.

పైపు నిటారుగా ఉందా? దారానికి ఒక నట్టు కట్టి పక్కన వేలాడదీస్తావు. కాస్త పడమటికి ఒరిగింది. అడుగున రాయి చెక్క దూర్చి సరిచేస్తావు. పైపే ఒరిగి ఉంటే తర్వాత ఏ అంకె చూసినా తప్పే.

11:14. బొగ్గు ముక్క చేతిలో. నీడ వాయవ్యం వైపు పడింది, పొట్టిగా. మీటరు కర్ర నిలబెడితే దాని నీడ అర మీటరు దాటి ఓ మూడు సెంటీమీటర్లు వస్తుంది. 62 డిగ్రీలంటే ఇదే.

11:16. గీత గీస్తావు. పైపు మొదలు నుంచి నీడ కొస దాకా, మళ్ళీ పైపు మొదలు నుంచి ఎదురు దిక్కుకు. సరిగ్గా అప్పుడే ఎదురింట్లో టీవీ గొంతు గరగరలాడి ఆగిపోతుంది. వాళ్ళది ఫ్రీ డిష్షే. "ఏమైందే దీనికి" అని లోపల్నుంచి ఎవరో విసుక్కుంటారు. ఏమీ కాలేదు. వాళ్ళ డిష్ ఇప్పుడు సూర్యుణ్ణి కూడా చూస్తోంది. సూర్యుడి రేడియో హోరులో ఉపగ్రహం గొంతు మునిగిపోయింది. కొద్ది నిమిషాల్లో తేలుతుంది. నీ గీత సరైనదని ఇంతకు మించిన సాక్ష్యం అక్కర్లేదు.

ఇక బోల్టులు. నాలుగూ తుప్పు. పొద్దున పోసిన కిరసనాయిలు రెండింటిని ఒప్పించింది. మూడోది మొరాయించి కదిలింది. నాలుగోది, పైపును పట్టుకున్న క్లాంపుది, కదలదు. పానా పెట్టి ఒళ్ళు మోపుతావు. కదలదు. ఇంకొంచెం.

టక్.

బోల్టు తల విరిగింది. డిష్ ఊడి నీ భుజం మీదికి వచ్చింది. గాలి దాని గిన్నెలో నిండింది. నిన్ను తోస్తోంది. ఒక అడుగు. ఇంకో అడుగు. తూర్పు వైపు.

వదిలెయ్యాలా? కింద పోరడున్నాడు. వాకిట్లో చిన్నమ్మ ఉంది.

వదలవు. కూచుంటావు. నిలబడ్డ చోటే, బరువంతా నేలకు వేసి. గిన్నెను బోర్లా తిప్పి ఒళ్ళో అదుముకుంటావు. గాలికి ఇక పట్టు దొరకదు. మోకాలి కింద స్లాబు కాలుతోంది. గుండె చప్పుడు చెవుల్లో వినిపిస్తోంది. వెనక్కి తిరిగి చూస్తే వైరు ఇంకా మూడడుగుల దూరంలో ఉంది.

"అన్నా! ఏం పడ్డది?"

"ఏం పడలే. బోల్టు ఇరిగింది. నువ్వు మెట్ల కాడ్నే ఉండు."

బజారుకు పోక తప్పదు. హార్డ్‌వేర్ దుకాణంలో బోల్టు, రెండు వాషర్లు, కేబుల్ వైరుకు కొత్త కనెక్టర్లు, నల్ల టేపు. దుకాణాయన పక్కన కూచున్నవాళ్ళు నిజామాబాద్ యార్డులో పసుపు కాడి ఎంత పలికింది, గోళ ఎంత పలికింది అని మాట్లాడుకుంటున్నారు. పసుపు బోర్డు కోసం ఈ జిల్లా రైతులు 2019 లోక్‌సభ ఎన్నికల్లో 178 మంది పోటీకి దిగారు. బోర్డు 2025 జనవరిలో నిజామాబాద్‌లో మొదలైంది. మాట మాత్రం ఇంకా ధర చుట్టే తిరుగుతుంది. అన్నం తిని మళ్ళీ నిచ్చెన ఎక్కేసరికి మూడున్నర.

ఎండ లేదు. ఎప్పుడు పోయిందో గమనించలేదు. పడమట ఆకాశం బూడిద రంగుకు తిరిగింది. నీడ లేదు, దిక్సూచి మీద నమ్మకం లేదు. బొగ్గు గీత ఉంది.

డిష్‌ను క్లాంపులో కూచోబెట్టి బోల్టులు చేత్తో తిప్పినంత వరకే బిగించు. గిన్నె కదలాలి, జారకూడదు. ఎల్‌ఎన్‌బీ చెయ్యి బొగ్గు గీత మీదికి వచ్చేలా తిప్పు. వెనక ఇనప పలక మీది గీతల్లో 62 దగ్గర ఆపు.

ఆపి చూస్తే అనుమానం వస్తుంది. గిన్నె ముఖం 62 డిగ్రీలకు లేచినట్టే లేదు, అందులో సగం పైచిలుకే లేచినట్టు కనిపిస్తుంది. ఇంకా పైకి ఎత్తాలేమో? వద్దు. ఎల్‌ఎన్‌బీ నడిమధ్యలో కాకుండా కింది అంచు వైపు ఉంది చూడు. ఇలాంటి గిన్నె తన ముఖం చూపే దానికన్నా సుమారు 25 డిగ్రీలు పైకి చూస్తుంది. కంటికి ఎలా కనిపించినా పలక మీది గీతను నమ్ము.

కనెక్టర్ బిగించే ముందు కిందికి కేకెయ్యి. "బాక్స్ స్విచ్ బంద్ చెయ్!" ఈ వైరులో బాక్స్ నుంచి ఎల్‌ఎన్‌బీకి కరెంటు వస్తుంది, 13 వోల్టులో 18 వోల్టులో. నిన్ను కొట్టదు. నడిమి రాగి తీగ పై జాలీకి తగిలితే మాత్రం కొత్త బాక్స్ పోతుంది. జాలీ వెంట్రుక ఒక్కటి కూడా రాగిని తాకకుండా వెనక్కి మడిచి కనెక్టర్ ఎక్కించు.

"ఇగ చాలు చెయ్. మెనూల ఎల్‌ఎన్‌బీ 9750, 10600 పెట్టు. ఫ్రీక్వెన్సీ 11090. వీ. సింబల్ రేటు 29500."

"పెట్టిన అన్నా. రెండు గీతలొచ్చినయ్. స్ట్రెంగ్త్ 80!"

మెట్ల మీదే గంతేస్తున్నాడు వాడు. నీకూ గుండె లేస్తుంది. కానీ అది ఏమీ కాదు. స్ట్రెంగ్త్ అంటే ఎల్‌ఎన్‌బీకి వైరు అంటింది, అంతే. గిన్నెను గోడకేసి పెట్టినా అంతో ఇంతో చూపిస్తుంది.

"అది కాదురా. కింది గీత. క్వాలిటీ ఎంత?"

"సున్న."

ఇక్కడే చాలామంది మిద్దె దిగిపోతారు. గీత ప్రకారం పెట్టారు, పలక ప్రకారం వంచారు, సున్నా వచ్చింది, ఈ ఛత్రికి రాదు అని తేల్చేస్తారు. రాకపోవడం అంటూ లేదు. ఈ క్షణం నీ నెత్తి మీద, ట్యాంకు మూత మీద, కింద ఆరుతున్న ప్రతి పసుపు కొమ్ము మీద ఆ సిగ్నల్ పడుతూనే ఉంది. డబ్బు కట్టిన మిద్దె, కట్టని మిద్దె అని దానికి తెలియదు. 1975 ఆగస్టు నుంచి ఏడాది పాటు ఏటీఎస్-6 ఉపగ్రహం ద్వారా అప్పటి ఆంధ్రప్రదేశ్ సహా ఆరు రాష్ట్రాల్లో 2,400 ఊళ్ళకు టీవీ చూపించినప్పుడు ఊరికి 3 మీటర్ల ఇనప వల గిన్నె కావాల్సి వచ్చింది. నీకు రెండడుగులది చాలు. కావాల్సింది నెమ్మది.

ఎంత నెమ్మది? గిన్నె అంచు పట్టుకో. నీ వేళ్ళ దగ్గర అర సెంటీమీటరు జరిపితే ఒక డిగ్రీ. ఆ ఒక్క డిగ్రీ అక్కడికి చేరేసరికి 600 కిలోమీటర్లు దాటుతుంది. అదే ఆకాశంలో ఒకటిన్నర డిగ్రీ అవతల, 95 దగ్గర, వేరే ఉపగ్రహాలున్నాయి. వాటిలో ఎస్‌ఈఎస్-8ను 2013 డిసెంబరులో స్పేస్‌ఎక్స్ పంపింది. జబర్దస్తీగా తోశావంటే నీది దాటి వాటి ముందు వాలతావు.

వెనక నిలబడు. ముందుకు రావద్దు, నీ తల అడ్డొచ్చినా సిగ్నల్ ఆగుతుంది. ఎడమకు గోరంత జరుపు. ఆగు. మూడు లెక్కపెట్టు. బాక్స్‌కు తేల్చుకోవడానికి ఆ మాత్రం టైం కావాలి.

"ఎంత?"

"సున్న."

ఇంకో గోరంత. ఆగు.

"సున్న అన్నా."

ఇంకోటి.

"సున్న... ఆ! పన్నెండు! పోయింది. మల్ల సున్న."

చెయ్యి తియ్యకు. ఇప్పుడే దాటావు. ఎంత దాటావో వేళ్ళకు తెలుసు. అందులో సగం వెనక్కి. ఆగు.

"ముప్పై! అన్నా ముప్పై!"

కింద చిన్నమ్మ చాట పక్కన పెట్టి లేచిన చప్పుడు. ఇప్పుడు పైకీ కిందికీ. పలక బోల్టు ఒక్క పిసరు వదులు చేసి గిన్నెను వేలితో ఎత్తుతావు.

"ఇరవై రెండు."

దించు.

"నలపై ఎనిమిది."

ఇంకా దించు.

"నలపై."

మళ్ళీ ఎత్తు. నలభై ఎనిమిది. ఇంతకు మించి రావడం లేదు. ఎడమకు జరిపినా తగ్గుతుంది, కుడికి జరిపినా తగ్గుతుంది. సరిగ్గా దాని ముందే ఉన్నావు, అయినా సగమే. ఏం మిగిలింది?

ఎల్‌ఎన్‌బీ. అది ఇంకా పాత ఉపగ్రహానికి తగ్గట్టే వాలి ఉంది. ఈ తరంగాలకు ఒక వాలు ఉంటుంది. గల్లగురిగి సందులో రూపాయి బిళ్ళ సందుకు సరిగా తిరిగితేనే దూరుతుంది కదా, అట్లా. మెనూలో నొక్కిన "వీ" అంటే నిలువు. కానీ ఉపగ్రహం నీకు తూర్పుకు ఉన్నకొద్దీ ఆ నిలువు నీ కంటికి పక్కకు వాలుతుంది. పాతదానికి 14 డిగ్రీలు, దీనికి 38. తేడా 24. ఆకాశం వైపు ముఖం పెట్టి నిలబడ్డవాడికి గడియారం ముల్లు తిరిగే దిక్కుకు ఎదురు దిక్కు. పక్క నుంచి చెయ్యి చాచి, పట్టీ స్క్రూ వదిలి, ఎల్‌ఎన్‌బీ మెడ పట్టుకుని మెల్లగా తిప్పు.

"యాభై ఐదు. అరవై. అరవై ఎనిమిది. డెబ్బై ఒకటి. అరవై తొమ్మిది."

వెనక్కి ఒక్క వెంట్రుకవాసి.

"డెబ్బై ఒకటి!"

స్క్రూ బిగిస్తావు. ముఖం మీద చెమట చల్లగా తగులుతుంది. చల్లగా ఎందుకు తగిలింది?

గాలి మారింది.

పడమట ఉన్న బూడిద రంగు నెత్తి మీదికి వచ్చింది. అంచుల్లో పచ్చటి నలుపు. పసుపు వాసన పోయి వాన వాసన వస్తోంది. మార్చిలో ఇట్లాంటి మబ్బు కనపడితే ఈ ప్రాంతంలో ఎవరూ దాన్ని వానమబ్బు అనుకోరు. రాళ్ళ వాన అనుకుంటారు.

"అన్నా, తగ్గుతున్నది. అరవై. యాభై నాలుగు."

చెయ్యి గిన్నె మీదికి పోతుంది. జరిగిందేమో, మళ్ళీ సరిచేద్దామని.

ముట్టుకోకు.

గిన్నె జరగలేదు. నీటితో నిండిన మబ్బు దారిలోకి వచ్చింది. ఈ తరంగాలను వాన నీరు మింగేస్తుంది. ఇప్పుడు ఆ అంకెను తరుముతూ తిప్పావంటే, మబ్బు విడిచాక నీ గిన్నె ఎటు చూస్తుందో నీకే తెలియదు. ఇంత సేపటి పని పోతుంది.

మెరుపు. తెల్లగా, గుట్ట వెనక.

లెక్కపెట్టు. ఒకటి, రెండు, మూడు... పద్దెనిమిది. ఉరుము. మూడు సెకన్లకు ఒక కిలోమీటరు. ఆరు కిలోమీటర్లు. దూరమే అనిపిస్తుంది. దూరం కాదు. తర్వాతి పిడుగు ఇక్కడ పడడానికి ఆ దూరం అడ్డం కాదు. నువ్వు నిలబడ్డది మిద్దె మీద. పట్టుకున్నది ఇనప పైపు.

నాలుగు బోల్టులూ చేతి బిగువులోనే ఉన్నాయి. పానా పెట్టాలంటే రెండు నిమిషాలు. బిగించకపోతే గాలి తిప్పేస్తుంది.

రెండు నిమిషాలా?

కింద చిన్నమ్మ గొంతు. "బిడ్డా! మొగులైంది! పసుపు!"

బొగ్గు ముక్క తీసుకో. క్లాంపు మీద నుంచి పైపు మీదికి ఒక్క గీత, అడ్డంగా. పలక మీద ఇంకోటి. నాలుగు సెకన్లు. గాలి తిప్పితే తిప్పనీ. ఎక్కడికి రావాలో గీత చెప్తుంది.

మెరుపు. ఒకటి. రెండు. తొమ్మిదికే ఉరుము.

దిగు.

పానా వదిలెయ్. నిచ్చెన. మెట్టు. మెట్టు. చెయ్యి జారింది. పట్టుకో. మెట్టు. నేల.

"వైరు బాక్స్ నుంచి గుంజెయ్! ప్లగ్గు పీకు!" పోరడు లోపలికి ఉరుకుతాడు.

కల్లం ఇంటి వెనకే. పలచగా పరిచిన కొమ్ములు. చిన్నమ్మ అప్పటికే పార పట్టింది. నువ్వు చీపురు పట్టు. మధ్యకు తొయ్. కుప్ప చెయ్. తడిస్తే రంగు పోతుంది. రంగు పోతే ధర పోతుంది. తొమ్మిది నెలల పంట. తొయ్.

"పట్టా! అటు కొస వట్టు!"

టార్పాలిన్ గాలికి లేస్తుంది. కాలుతో తొక్కు. రాయి పెట్టు. ఇంకో రాయి. మొదటి చినుకు వీపు మీద. పెద్దది. రెండో కుప్ప. పట్టా చాలదు. పోరడు తన గదిలో దుప్పటి తెస్తాడు. అదీ కప్పు.

టప్. నేల మీద తెల్లటి రాయి ఎగిరింది. టప్. టప్.

"లోపలికి! లోపలికి రాండ్రి!"

ముగ్గురూ గడప దాటేసరికి వాకిలంతా రాళ్ళు. రేకుల మీద మోతకు మాట వినపడదు. చిన్నమ్మ తలుపు సందులోంచి కల్లం వైపే చూస్తోంది. ఉత్తరం మూల ఒక బారెడు మేర పసుపు కప్పు లేకుండా ఉండిపోయింది. ఎవరూ టీవీ సంగతి ఎత్తరు.

అరగంటకు వాన వెలిసింది. ముందు కల్లం. తడిసిన కొమ్ములు వేరుగా ఏరి అరుగు మీద పోస్తారు. బస్తాడు కన్నా తక్కువే. మిగతా కుప్పలు పట్టాల కింద వెచ్చగా, పొడిగా ఉన్నాయి. చిన్నమ్మ చెయ్యి దూర్చి చూసుకుని, కొంగుతో ముఖం తుడుచుకుని, అప్పుడు అంటుంది. "ఇగ నీ ఛత్రి సంగతి చూడు."

ఉరుములు ఆగి చాలాసేపైంది. స్లాబు మీద నీళ్ళు పల్చగా నిలిచాయి. చెప్పులు కిందే విడిచి, ఒక్కో అడుగు చూసుకుంటూ పోతావు. గాలి డిష్‌ను తిప్పింది. పైపు మీది గీత, క్లాంపు మీది గీత ఇప్పుడు ఎడంగా ఉన్నాయి. తడికి బొగ్గు కొంత కారింది, కానీ కనిపిస్తోంది. గీతకు గీత కలుపుతావు. కింద వైరు మళ్ళీ పెట్టిస్తావు.

"అరవై తొమ్మిది!"

ఈసారి పానా. ఒక బోల్టు పూర్తిగా బిగించి తర్వాతదానికి పోవద్దు, గిన్నె అటు గుంజుకుంటుంది. ఇటు పావు చుట్టు, అటు పావు చుట్టు, మార్చి మార్చి. ప్రతి చుట్టుకూ కింది నుంచి అంకె వింటూ.

"డెబ్బై. డెబ్బై. డెబ్బై ఒకటి. డెబ్బై రెండు అన్నా, ఇంతకుముందు కన్నా ఎక్కువొచ్చింది!"

ఎల్‌ఎన్‌బీ దగ్గర కనెక్టర్‌కు నల్ల టేపు చుట్టు, కింది నుంచి పైకి, ఒక పొర మీద ఒక పొర ఎక్కేలా. వైరును ఎల్‌ఎన్‌బీ దగ్గర కిందికి ఒక వంక తిప్పి కట్టు. వాన నీళ్ళు ఆ వంక దగ్గరే కారిపోతాయి, కనెక్టర్ లోకి పోవు. పాత డిష్‌లలో ముందు చచ్చేది గిన్నె కాదు, ఈ కనెక్టర్.

దిగి లోపలికి వచ్చేసరికి పోరడు వెతుకుడు మీట నొక్కాడు. తెర మీద పేర్లు ఒకదాని కింద ఒకటి దిగుతున్నాయి. హిందీవి, భోజ్‌పురివి, పాటలవి, వార్తలవి, తరగతుల పాఠాలవి. చిన్నమ్మకు అవేవీ పట్టవు. డీడీ యాదగిరి దగ్గర ఆపమంటుంది. తెలుగు గొంతు గదంతా నిండుతుంది. చాట మళ్ళీ ఒళ్ళోకి వచ్చింది.

"నెలకెంత కట్టాలె దీనికి?" ఇంకోసారి అడుగుతుంది.

"ఏం కట్టొద్దు చిన్నమ్మా."

"వచ్చే నెల గూడ?"

"వచ్చే నెల గూడ."

వాకిట్లో పక్కింటి అక్క నిలబడి ఉంది. ఎప్పట్నుంచి చూస్తోందో. వాళ్ళ మిద్దె మీదా ఒక డిష్ ఉంది, ముఖం ఇంకా తూర్పుకు పెట్టి.

"తమ్మీ, మాది గూడ జర చూస్తవా? మూడేండ్లాయె బంద్ వడి."

కిటికీలోంచి ఆ మిద్దె వైపు చూస్తావు. అది 108 డిగ్రీల దగ్గరి ఉపగ్రహం కోసం పెట్టింది. ఇప్పుడది చూస్తున్నది 119 వైపు, 50 డిగ్రీల ఎత్తుకు. అంటే ఈసారి తిప్పాల్సింది కుడికి, 20 డిగ్రీల పైన. గిన్నె అంచు దగ్గర పదకొండు సెంటీమీటర్లు. పైకి ఇంకో 12 డిగ్రీలు ఎత్తాలి. ఎల్‌ఎన్‌బీని ఇందాక తిప్పిన దిక్కుకు కాక, దానికి ఎదురు దిక్కుకు.

"బోల్టులకు ఈ రాత్రే కిరసనాయిలు పోసి పెట్టక్కా," అంటావు. "రేపు పదకొండుకు ఎక్కుత. ఎండ ఉంటే నీడ చూసుకోవచ్చు."